‘లారా’తో మొదలుపెట్టాలా, ‘డబుల్ ఇండెమ్నిటీ’తోనా? నువార్ హత్యాచిత్రాలలో తొలి ఎంపిక

హత్య చేసినది ఎవరన్న ప్రశ్న చుట్టూ అల్లిన కథకు పుట్టుకతోనే ఒక లోపం ఉంటుంది. జవాబు తెలిసిపోయాక ఆ కథతో పని ఉండదు. అద్దె పుస్తకాల దుకాణం నుంచి డిటెక్టివ్ యుగంధర్ నవలలు తెచ్చుకుని చదివిన తరానికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. ముందు చదివినవాడు హంతకుడి పేరు బయటపెడితే ఇక ఆ పుస్తకాన్ని తిరిగి ఇచ్చేయడమే. ఇంత సులభంగా చెడిపోయే సరుకు అయి ఉండి కూడా, 1940లలో హాలీవుడ్ తీసిన కొన్ని నలుపు తెలుపు హత్యాచిత్రాలు దాదాపు ఎనభై ఏళ్లుగా నిలబడి ఉన్నాయి. హంతకుడి పేరు తెలిసినవారే వాటిని రెండోసారి, మూడోసారి చూస్తున్నారు. ఫిల్మ్ నువార్ (ఫ్రెంచిలో ‘నల్ల చిత్రం’) అని పిలిచే ఈ కోవలోకి కొత్తగా అడుగుపెట్టాలనుకునేవారు ఏ చిత్రంతో మొదలుపెట్టాలో తేల్చుకోవడానికి ఉపయోగపడాలని ఈ పోలిక రాస్తున్నాను.

పోలికకు తీసుకున్నవి నాలుగు చిత్రాలు: జాన్ హ్యూస్టన్ దర్శకత్వంలో 1941లో వచ్చిన ‘ది మాల్టీస్ ఫాల్కన్’, బిల్లీ వైల్డర్ దర్శకత్వంలో 1944లో వచ్చిన ‘డబుల్ ఇండెమ్నిటీ’, అదే ఏడాది ఆటో ప్రెమింజర్ తీసిన ‘లారా’, హోవర్డ్ హాక్స్ దర్శకత్వంలో 1946లో విడుదలైన ‘ది బిగ్ స్లీప్’. వీటిలో ఏది గొప్పదన్న వాదనలోకి నేను వెళ్లడం లేదు. రహస్యం విడిపోయాక చిత్రంలో ఏమి మిగులుతుంది, ఆ మిగిలినది ఎటువంటి ప్రేక్షకుడికి రుచిస్తుంది అన్న కొలతతోనే వీటిని పక్కపక్కన పెడుతున్నాను. నా తీర్పు ముందే చెప్పేస్తాను. హత్యా రహస్యాన్ని ఛేదించే సరదా కోసం వచ్చేవారికి మొదటి చిత్రం ‘లారా’. రహస్యం మీద పెద్దగా ఆశ లేక, మంచీ చెడూ తెలిసిన మనిషి మెట్టు మెట్టుగా ఎలా దిగజారతాడో చూడాలనుకునేవారికి ‘డబుల్ ఇండెమ్నిటీ’. మిగిలిన రెండూ ఆ తరువాత. హంతకుల పేర్లు గాని, ‘లారా’ మధ్యలో వచ్చే మలుపు గాని ఇక్కడ బయటపెట్టను. ‘డబుల్ ఇండెమ్నిటీ’ విషయంలో మాత్రం ఆ జాగ్రత్త అవసరం లేదు, ఎందుకంటే ఆ చిత్రమే తన హంతకుడిని తొలి నిమిషాలలో మనకు అప్పగించేస్తుంది.

ఈ కోవకు పేరు పెట్టినది అమెరికన్లు కారు. జర్మన్ ఆక్రమణ కాలంలో ఫ్రాన్సుకు హాలీవుడ్ చిత్రాలు రాలేదు. యుద్ధం ముగిశాక, 1946లో, అవి గుంపుగా పారిస్ థియేటర్లకు చేరినప్పుడు వాటి మధ్య ఉన్న పోలిక అక్కడి విమర్శకుల కంట పడింది. ఆ ఏడాది నినో ఫ్రాంక్ ఈ ధోరణిని ‘ఫిల్మ్ నువార్’ అని పేర్కొంటూ రాసిన వ్యాసంలో మన నాలుగింటిలో మూడు చిత్రాల ప్రస్తావన ఉంది. నాలుగోదైన ‘ది బిగ్ స్లీప్’ అప్పటికి అమెరికాలోనే అప్పుడప్పుడే విడుదలవుతోంది. తీసినవారి లెక్కలో మాత్రం ఇవి మామూలు నేరకథలే.

వీటన్నిటికీ వర్తించే ఒక కట్టుబాటు గురించి ముందుగా తెలుసుకుంటే చూసే తీరు మారుతుంది. 1934 నుంచి హాలీవుడ్‌లో కచ్చితంగా అమలైన ప్రొడక్షన్ కోడ్ అనే నియమావళి ప్రకారం నేరం చేసినవాడు శిక్ష తప్పించుకున్నట్టు చూపకూడదు, శృంగారాన్ని బాహాటంగా చూపకూడదు. కనుక దోషి దొరుకుతాడా లేదా అన్న అనుమానానికి ఈ చిత్రాలలో చోటు లేదు. దర్శకులు తమ తెలివినంతా దొరికే లోపల ఆ మనిషి లోలోపల ఎలా కుంగిపోతాడన్న దాని మీద, పైకి చెప్పడానికి వీలులేని కోరికను ఒక చూపుతోనో సిగరెట్టు వెలిగించే తీరుతోనో తెలియజేయడం మీద ఖర్చు చేశారు. ఈ చిత్రాలు రెండోసారి కూడా చూడబుద్ధి కావడానికి నాకు తోచిన ముఖ్య కారణం ఇదే. నిషేధం వల్ల సినిమాకు మేలు జరిగిందని దీని అర్థం కాదు. చేతులు కట్టేసినప్పుడు కొందరు సమర్థులు కళ్లతో పని కానిచ్చారు, అంతే.

ఇక ‘లారా’ విషయానికి వస్తే, న్యూయార్కులో ఉక్కపోతగా ఉన్న ఒక ఆదివారం, వాల్డో లిడెకర్ అనే పత్రికా రచయిత గొంతుతో కథ మొదలవుతుంది. అడ్వర్టైజింగ్ రంగంలో పైకి వచ్చిన లారా హంట్ అనే యువతిని ఆమె ఫ్లాటు గుమ్మంలోనే ఎవరో తుపాకీతో ముఖం మీద కాల్చారు. విచారణకు వచ్చిన మార్క్ మెక్‌ఫర్సన్ అనే డిటెక్టివ్‌ను లిడెకర్ స్నానపు తొట్టిలో కూర్చుని, ఎదుట బల్ల మీద టైపు రైటరు పెట్టుకుని పలకరిస్తాడు. ఈ పరిచయం ఒక్కటే ఆ పాత్ర గురించి ఎన్నో విషయాలు చెబుతుంది: పరులను తన కొలువులో నిలబెట్టి మాట్లాడే అలవాటున్న మనిషి, తన మాట పదునును తానే ముచ్చటపడి వినే మనిషి. ఆ తరువాత లారాను పెళ్లాడబోయిన షెల్బీ కార్పెంటర్ వస్తాడు, అతనికి డబ్బు సర్దుతున్న లారా పిన్ని వరసావిడ యాన్ ట్రెడ్‌వెల్ వస్తుంది. అనుమానితులు ఇంతే. చిత్రం నిడివి 88 నిమిషాలు.

డిటెక్టివ్ కథగా దీనిలో పస అంతంతమాత్రమేనని ఒప్పుకోవాలి. అనుమానితుడైన లిడెకర్‌నే వెంటబెట్టుకుని ఇతర అనుమానితుల ఇళ్లకు విచారణకు వెళ్లే పోలీసు అధికారి ఏ స్టేషన్‌లోనైనా వారం రోజులు కూడా నిలవడు. కాని ఆ అసంబద్ధత వల్లనే నలుగురూ ఎప్పుడూ ఒకే గదిలో ఉంటారు, ఒకరి మాట మీద ఇంకొకరి ముఖకవళికలు మనకు కనిపిస్తాయి. జోసెఫ్ లషెల్ కెమెరా ఆ గదులలో తొందర లేకుండా తిరుగుతూ, మాట్లాడుతున్నవారిని వదిలి వింటున్నవారి దగ్గర ఆగుతూ ఉంటుంది. నలుపు తెలుపు ఛాయాగ్రహణానికి ఆయనకు వచ్చిన ఆస్కారు ఈ చిత్రానికి దక్కిన ఒకే ఒక ఆస్కారు. హంతకుడెవరో తెలిసి రెండోసారి చూసేటప్పుడు ఆ వినే ముఖాలే అసలు సినిమా అవుతాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది, డిటెక్టివ్ మనసులో జరిగేది. లారా ఇంట్లో గోడకు వేలాడే ఆమె చిత్రపటం కింద కూర్చుని, ఆమె ఉత్తరాలు, డైరీ చదువుతూ, ఆమె బీరువాలోని బట్టలు తాకి చూస్తూ, ఆమె సీసాలోని మద్యమే తాగుతూ, మెక్‌ఫర్సన్ చనిపోయిన మనిషిని ప్రేమించడం మొదలుపెడతాడు. లిడెకర్ ఆ సంగతి కనిపెట్టి అతని మొహం మీదే వెటకారం చేస్తాడు. సగం సినిమా ఒక శవం మీద ప్రేమగా నడుస్తున్నా, కోడ్ అధికారులకు అభ్యంతరపెట్టడానికి ఒక్క వాక్యం కూడా దొరకని విధంగా ప్రెమింజర్ దీన్ని నడిపాడు. ఆ రాత్రి అతను కుర్చీలో నిద్రలోకి జారుకున్నప్పుడు కెమెరా అతని దగ్గరకు వెళ్లి మళ్లీ వెనక్కి వస్తుంది. ఆ కదలికను గమనించి పెట్టుకోమని మాత్రం చెబుతాను. దాని తరువాత జరిగే కథను ఎలా అర్థం చేసుకోవాలన్న దాని మీద విమర్శకులు ఇప్పటికీ రెండు విధాలుగా మాట్లాడతారు.

ఇంత నిండుగా కనిపించే చిత్రం నిజానికి గొడవల మధ్య తయారైంది. వెరా కాస్పరీ నవల ఆధారంగా ట్వెంటీయెత్ సెంచురీ ఫాక్స్ సంస్థ దీన్ని తలపెట్టినప్పుడు ప్రెమింజర్ నిర్మాత మాత్రమే. దర్శకుడు రూబెన్ మమూలియన్. కొంత చిత్రీకరణ జరిగాక మమూలియన్‌ను తప్పించి ప్రెమింజర్‌కు అప్పగించారు. మమూలియన్ భార్య గీసిన లారా పటం కూడా పక్కకు పోయింది. తెర మీద మనం చూసేది నటి జీన్ టియర్నీ ఫోటోను పెద్దది చేసి పైన నూనె రంగులు పూసినది. లిడెకర్ పాత్రకు రంగస్థల నటుడు క్లిఫ్టన్ వెబ్ వద్దని స్టూడియో అధిపతి డారిల్ జానక్ పట్టుబట్టినా, ప్రెమింజర్ ఆయన చేతనే చేయించాడు. ఆ పాత్రకు వెబ్ ఆస్కారు నామినేషన్ అందుకున్నాడు. సంగీతం కథ ఇంకా విచిత్రం. డ్యూక్ ఎలింగ్టన్ బాణీ ఒకటి వాడుకుందామని దర్శకుడు అనుకుంటే, సంగీత దర్శకుడు డేవిడ్ రాక్సిన్ అది ఈ కథకు తగదని వాదించి, శని ఆదివారాల గడువులో కొత్త బాణీ కట్టి తెచ్చాడు. ఆ తరువాత జానీ మెర్సర్ దానికి మాటలు రాయగా అది అమెరికన్ జాజ్ గాయకులందరూ పాడుకునే పాటగా స్థిరపడింది. చిత్రంలో ఆ బాణీ గ్రామఫోను మీద, పార్టీలో, రెస్టారెంటులో, నేపథ్యంలో మళ్లీ మళ్లీ వినిపిస్తూ, తెర మీద లేని మనిషిని అక్కడే ఉన్నట్టు అనిపించేలా చేస్తుంది.

‘డబుల్ ఇండెమ్నిటీ’ దీనికి పూర్తిగా ఎదురు దారిలో నడుస్తుంది. లాస్ ఏంజెలెస్ నగరంలో తెల్లవారకముందే ఒక మనిషి భుజానికి గాయంతో తన ఆఫీసుకు చేరుకుని, మాటలు రికార్డు చేసే డిక్టాఫోను ముందు కూర్చుని, డబ్బు కోసం, ఒక ఆడదాని కోసం హత్య చేశానని, చివరికి డబ్బూ దక్కలేదు, ఆడదీ దక్కలేదని తన సహోద్యోగికి చెప్పుకుంటాడు. అతను వాల్టర్ నెఫ్, బీమా ఏజెంటు. ఫిలిస్ డీట్రిక్సన్ అనే గృహిణి తన భర్తకు తెలియకుండా అతని పేర ప్రమాద బీమా తీయించాలనుకుంటుంది. రైలు ప్రమాదం వంటి అరుదైన మరణానికి కంపెనీ రెట్టింపు సొమ్ము చెల్లిస్తుంది కనుక, భర్త మరణం రైలు ప్రమాదంగానే కనబడాలని ఇద్దరూ పథకం వేస్తారు. ఎల్‌.ఐ.సి. పాలసీలలో ‘డబుల్ యాక్సిడెంట్ బెనిఫిట్’ అన్న షరతు చదివి సంతకం చేసిన మన పాఠకులకు ఈ కథలోని ఇరుసు వివరించనక్కరలేదు.

హంతకులెవరో, ఏమి జరిగిందో తెలిసిపోయిన తరువాత 107 నిమిషాలు కూర్చోబెట్టేది ఏమిటి? నా ఉద్దేశంలో ఎడ్వర్డ్ జి. రాబిన్సన్ పోషించిన బార్టన్ కీస్ పాత్ర. అతను క్లెయిముల విభాగం అధికారి. దొంగ క్లెయిము టేబులు మీదకు వస్తే కడుపులో ఏదో మెలిపెడుతుందని చెప్పుకునే మనిషి. నెఫ్‌ను కొడుకులా చూసుకునే ఈ మనిషే హత్య వైపు మెల్లగా చేరుకుంటూ ఉంటాడు, పక్కనే ఉన్న నెఫ్‌ను మాత్రం అనుమానించడు. కీస్ దగ్గర ఎప్పుడూ అగ్గిపుల్లలు ఉండవు; నెఫ్ గోటితో పుల్ల గీసి అతని చుట్ట వెలిగిస్తూ ఉంటాడు. ఈ చిన్న అలవాటును చిత్రం మొదటి నుంచి చివరి దాకా లెక్కపెడుతూ చూడండి. స్త్రీపురుషుల మధ్య మోహం కథను నడిపినా, చిత్రంలో నిజమైన ప్రేమ ఎక్కడుందో ఆ అగ్గిపుల్ల చెబుతుంది.

వైల్డర్‌తో కలిసి స్క్రీన్‌ప్లే రాసినది నేరకథల రచయిత రేమండ్ చాండ్లర్. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడేది కాదు. మూలకథ జేమ్స్ ఎం. కేన్‌ది, 1930ల మధ్యలో స్టూడియోలు దాని మీద ఆసక్తి చూపినా కోడ్ కార్యాలయం ససేమిరా అనడంతో చాలా ఏళ్లు మూలపడి ఉంది. జాన్ సైట్జ్ కెమెరా పనితనం గురించి ఒక్క మాట చెప్పాలి. డీట్రిక్సన్ ఇంటి హాలులో కిటికీ పట్టీల సందుల గుండా పడే ఎండలో దుమ్ము తేలుతూ కనబడడానికి ఆయన అల్యూమినియం పొడి గాలిలోకి చల్లించాడని చెబుతారు. గోడ మీదా మనిషి మీదా చారలు చారలుగా పడే ఆ నీడ తరువాత ఎన్ని చిత్రాలలో అనుకరణకు గురైందంటే, ఈ చిత్రాన్ని మొదటిసారి చూసేవారికి అది పాతబడిన అలంకారంగా తోచే ప్రమాదం ఉంది. ఏడు ఆస్కారు నామినేషన్లు వచ్చినా ఒక్కటీ దక్కలేదు. లోపాలు లేకపోలేదు: ఒక ముఖ్య సన్నివేశంలో ఫిలిస్ దాక్కోవడానికి వీలుగా ఫ్లాటు తలుపు వరండాలోకి, అంటే బయటికి, తెరుచుకుంటుంది. ఇళ్ల తలుపులు అలా తెరుచుకోవని ఎవరైనా చెప్పగలరు. ఉత్కంఠలో పడి మొదటిసారి దాన్ని ఎవరూ పట్టించుకోరు.

ఈ రెండింటి మధ్య ఎంచుకోవలసి వస్తే చూసేవారి స్వభావాన్ని బట్టి తేల్చుకోవాలి. నలుగురు కూర్చుని, ఎవరు చేసి ఉంటారని మధ్యమధ్యలో పందేలు వేసుకుంటూ చూసే ఇంట్లో ‘లారా’ బాగా పండుతుంది. హింస తక్కువ, నిడివి తక్కువ, హాస్యానికి లిడెకర్ నాలుక చాలు. ‘డబుల్ ఇండెమ్నిటీ’ ఒంటరిగా, రాత్రిపూట చూడవలసిన చిత్రం. సంభాషణ మీద మనసు నిలపాలి, మధ్యలో ఫోను వస్తే దాని బిగువు పోతుంది. మేధకు పని చెప్పే పజిలు కోరేవారు దీనిలో నిరాశపడతారు. ఒక సమర్థుడు తన సామర్థ్యాన్నే తనకు ఉచ్చుగా పేనుకునే కథలు ఇష్టపడేవారికి మాత్రం ఇంతకంటే మంచిది ఈ నాలుగింటిలో లేదు.

‘ది మాల్టీస్ ఫాల్కన్’ను మొదటి చిత్రంగా సిఫారసు చేయడానికి నేను కొంచెం వెనకాడతాను. చరిత్రలో దాని స్థానం గట్టిది. డాషియెల్ హామెట్ నవలను అప్పటికే రెండుసార్లు తెరకెక్కించినా నిలవలేదు. కొత్త దర్శకుడైన హ్యూస్టన్ నవలలోని సంభాషణలను చాలావరకు అలాగే ఉంచి, మూడోసారి తీసి నిలబెట్టాడు. నటుడు జార్జ్ రాఫ్ట్ కాదన్న డిటెక్టివ్ శామ్ స్పేడ్ పాత్ర హంఫ్రీ బోగార్ట్‌ను అగ్రనటుడిని చేసింది. అరవై దాటిన రంగస్థల నటుడు సిడ్నీ గ్రీన్‌స్ట్రీట్‌కు ఇదే తొలి చిత్రం. స్పేడ్ భాగస్వామి హత్యతో కథ మొదలైనా, కాసేపటికే అందరూ రత్నాలు పొదిగిన ఒక గద్ద బొమ్మ వెంట పడతారు, హత్య వెనక్కి పోతుంది. దాదాపు అంతా గదులలో, కూర్చున్నవారి మాటలలో నడుస్తుంది. ఎవరు ఎవరికి ఎంతవరకు అబద్ధం చెబుతున్నారో గుర్తుపెట్టుకుంటూ చూడగలిగినవారికి, చివరలో స్పేడ్ తన దగ్గరకు కేసుతో వచ్చిన యువతికి తన నిర్ణయానికి కారణాలు ఒక్కొక్కటిగా చెప్పే ఘట్టం మరపురానిది. ఆ ఘట్టం కోసమే ఈ చిత్రాన్ని మూడోదిగా చూడమంటాను. అప్పటికి ఈ కోవలో పురుషులు ఆడవారి ముందు ఎలా ఓడిపోతారో తెలిసి ఉంటుంది కనుక, ఓడిపోకూడదనుకున్నవాడు చెల్లించే మూల్యం ఎంతో అర్థమవుతుంది.

‘ది బిగ్ స్లీప్’ను హత్యా రహస్యంగా ఎంచుకోకపోవడమే మంచిది. కథ ఎంత చిక్కుపడి ఉంటుందంటే, కథలోని ఒక డ్రైవరును చంపినది ఎవరని చిత్రీకరణ సమయంలో అనుమానం వచ్చి మూల నవలా రచయిత చాండ్లర్‌కు తంతి పంపితే, తనకూ తెలియదని ఆయన జవాబిచ్చాడట. ఈ చిత్రానికి ప్రాణం బోగార్ట్, లారెన్ బకాల్ ఒకరినొకరు మాటలతో గిల్లుకోవడంలో ఉంది. 1945 ఆరంభానికే పూర్తయిన చిత్రాన్ని యుద్ధ చిత్రాలు ముందు విడుదల చేయాలని వార్నర్ సంస్థ పక్కన పెట్టింది. ఈలోగా బకాల్ పాత్రకు బలం చేకూర్చాలని కొన్ని సన్నివేశాలు కొత్తగా తీసి, డిటెక్టివ్ కేసును వివరించే సన్నివేశాన్ని తీసేశారు. తెలిసి తెలిసి స్పష్టతను వదులుకుని సరసాన్ని కొన్నారన్న మాట, ఆ బేరం లాభించింది కూడా. విదేశాలలోని సైనికులకు చూపిన 1945 నాటి ప్రతి 1997లో మళ్లీ వెలుగులోకి వచ్చింది. రెండూ దొరికితే 1946 నాటి దానినే చూడండి; పాతది పోల్చుకోవడానికి మాత్రమే. ఇందులో సంభాషణ వేగం ఎక్కువ కనుక, అమెరికన్ ఉచ్చారణకు బాగా అలవాటుపడినవారు కూడా సబ్‌టైటిల్స్ పెట్టుకోవడం మంచిది.

ఏది ఎంచుకున్నా రెండు జాగ్రత్తలు పాటించాలి. మొదటిది, రంగులు అద్దిన ప్రతులను ఎంచుకోకూడదు. 1980లలో ‘ది మాల్టీస్ ఫాల్కన్’కు కంప్యూటరుతో రంగులు వేసినప్పుడు, అప్పటికి వృద్ధుడైన హ్యూస్టన్ బహిరంగంగా నిరసన తెలిపాడు, నీడలే కథ చెప్పే చిత్రంలో ఆ నీడలను గోధుమ రంగు గోడలుగా మార్చేస్తే మిగిలేది నాటకం మాత్రమే. పాడైన ప్రతులలో నలుపు బూడిద రంగుగా కనిపిస్తుంది కనుక, పునరుద్ధరించిన ప్రతి దొరికేదాకా ఆగినా నష్టం లేదు. రెండోది ‘లారా’కు మాత్రమే వర్తిస్తుంది: దాని గురించి విజ్ఞాన సర్వస్వాలు, సారాంశాలు, నటీనటుల జాబితాల కింద రాసే వ్యాఖ్యలు చూసే ముందు చదవకూడదు. హంతకుడి పేరు తెలిసినా ఈ చిత్రం తట్టుకుంటుంది, కాని మధ్యలోని మలుపు మొదటిసారి ఇచ్చే అదురు మళ్లీ దొరకదు.

1944 నాటి రెండు చిత్రాలనూ ఒకే రాత్రి చూడాలనుకుంటే మొత్తం మూడుంపావు గంటలు పడుతుంది. అప్పుడు ‘లారా’నే ముందు పెట్టుకోవాలి. నెఫ్ నేరం ఒప్పుకోవడం విన్న తరువాత ఏ గొంతు చెప్పే కథనైనా అనుమానంతో వినడం అలవాటవుతుంది. ఆ అనుమానం లేకుండా లిడెకర్ తొలి మాటలు వినడంలోనే ‘లారా’ ఆట ఉంది.